హోటల్ గది లాకర్లోంచి డబ్బు, పాస్‌పోర్టు మాయం. మేనేజర్ చేతులు దులిపేసుకుంటున్నాడు, ఏం చేయాలి?

సగంసూట్‌కేసు

పరాయి దేశంలో సెలవుల మీద ఉన్నాం. గదిలో లాకర్లో పెట్టిన నగదు, ఒక పాస్‌పోర్టు, బల్ల మీదున్న టాబ్లెట్ పోయాయి. గది తలుపు పగల్లేదు. లాకర్ మూసినట్టే ఉంది, తెరిస్తే నగదు కవరు లేదు. డ్యూటీ మేనేజర్ వచ్చి మూడు మాటలన్నాడు. లాకర్ పగల్లేదు కాబట్టి దొంగతనం కాదట. కెమెరా ఫుటేజ్ గెస్టులకు చూపించరట. విలువైన వస్తువులకు బాధ్యత లేదని గదిలో బోర్డు ఉంది కదా అట. రాసివ్వమంటే ఏమీ రాసివ్వనంటున్నాడు. ఎల్లుండి గది ఖాళీ చేయాలి.

ఈ మూడింట్లో నిజమెంత? ఈ రెండ్రోజుల్లో ఏం చేస్తే తర్వాత ఇన్సూరెన్సుకీ ఫిర్యాదుకీ పనికొస్తుంది? ఒక రాత్రి అద్దె తీసేస్తాం, ఈ కాగితం మీద సంతకం పెట్టండి అంటున్నారు. పెట్టొచ్చా?

తాళాలపని

మొదటి మాట సంగతి చెప్తాను. పగలకుండా తెరుచుకునేలానే ఈ లాకర్లు చేస్తారండి. కోడ్ మర్చిపోయే గెస్టులు రోజూ ఉంటారు కాబట్టి ప్రతి లాకర్‌కీ ఒక మాస్టర్ కోడో, అత్యవసర తాళంచెవో, సిబ్బంది దగ్గరుండే సర్వీస్ పరికరమో ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చిన మాస్టర్ కోడ్‌ని, అంటే ఆరు సున్నాల్లాంటిదాన్ని, మార్చకుండా ఏళ్ల తరబడి వదిలేసే హోటళ్లూ ఉన్నాయి. కాబట్టి "పగల్లేదు" అన్న మాటతో దొంగతనం జరగలేదని తేలదు. తెరిచినవాడి దగ్గర కోడో, చెవో ఉందని మాత్రం తేలుతుంది.

మీరు ఇప్పుడే అడగాల్సినవి రెండు లాగ్‌లు, అంటే ఎప్పుడు దేనితో తెరిచారో తాళమే రాసుకునే రికార్డులు.

ఒకటి తలుపు తాళానిది. కార్డుతో తెరిచే తాళం ఏ కార్డు ఏ నిమిషాన తలుపు తెరిచిందో గుర్తుపెట్టుకుంటుంది. చాలా హోటళ్లలో ఈ తాళాలు నెట్‌వర్క్‌కి కలిసి ఉండవు. అంటే రిసెప్షన్ కంప్యూటర్లో చూసి "ఎవరూ రాలేదండీ" అనడం కుదరదు. మెయింటెనెన్స్ మనిషి చేతిలో పట్టే పరికరం తెచ్చి, తలుపు దగ్గరే తాళానికి తగిలించి చదవాలి. కొద్ది నిమిషాల పని. కానీ మెమరీకి హద్దు ఉంది. తలుపు తెరిచిన ప్రతిసారీ కొత్త ఎంట్రీ పడి పాతవి చెరిగిపోతుంటాయి. మీరు వేరే గదికి మారి, ఆ గది ఇంకొకరికి ఇచ్చేస్తే నాలుగు రోజుల్లో మీ ఆధారం పోయినట్టే. గది మారినా పాత గది తలుపు చదివేదాకా ఎవరికీ ఇవ్వొద్దని రాసి అడగండి.

రెండోది లాకర్‌ది. అన్ని మోడళ్లకూ ఉండదు గానీ, ఉన్నవాటిలో గెస్టు కోడ్‌తో తెరిచారా, మాస్టర్‌తో తెరిచారా అన్నది టైముతో సహా వస్తుంది. ఆ లాగ్ తీసేదాకా లాకర్ మీద ఒక్క మీట కూడా నొక్కకండి. సున్నాలతో తెరుచుకుంటుందేమో చూద్దామని చాలామంది అక్కడే ప్రయత్నిస్తారు. ఆ ప్రయత్నాలు కూడా లాగ్‌లో పడతాయి, పైగా వరసగా తప్పు కోడ్ కొడితే కొంతసేపు లాకర్ బిగుసుకుపోతుంది. లాగ్ అయ్యాక హోటల్ మనిషిని ఎదురుగా ఉంచుకుని, లాకర్ తలుపు తెరిచే ఉంచి బోల్టు బయటికొచ్చేలా లాక్ చేసి, అప్పుడు పరీక్షించండి. తెరుచుకుంటే వీడియో తీయండి.

లాగ్ చేతికొచ్చాక చూసుకోవాల్సినవి: బ్యాటరీ మార్చాక గడియారం సరిచేయకపోతే టైము గంటల తేడాతో ఉంటుంది. అందుకని చదివే క్షణంలో తాళం చూపే టైమునీ మీ ఫోన్ టైమునీ ఒకే ఫొటోలో పట్టుకోండి. ఇంకోటి, లాగ్‌లో మనిషి పేరు ఉండదు, కార్డు ఉంటుంది. ఒకే ఫ్లోర్ మాస్టర్ కార్డుని, అంటే ఆ అంతస్తు గదులన్నీ తెరిచేదాన్ని, నలుగురు మార్చి మార్చి వాడే చోట, ఆ రోజు ఆ కార్డు ఎవరు సంతకం పెట్టి తీసుకున్నారన్న రిజిస్టర్ కూడా కావాలి. కొత్తగా డూప్లికేట్ కార్డు ఏదైనా చేసిచ్చారా అన్నదీ అడగండి. రిసెప్షన్‌కి వచ్చి గది నంబరు చెప్పి, కార్డు లోపల మర్చిపోయాననే మాయ పాతదే.

లాగ్ శుభ్రంగా ఉన్నా కథ ముగిసినట్టు కాదు. 2024 మార్చిలో పరిశోధకులు సాఫ్‌లాక్ అనే బ్రాండు హోటల్ కార్డు తాళాల లోపం బయటపెట్టారు. ప్రపంచవ్యాప్తంగా 30 లక్షలకు పైగా తలుపులకు ఉన్న తాళాలవి. ఆ లోపం సరిచేయని చోట, ఆ హోటల్‌దే ఏదో ఒక కార్డు దొరికితే నకిలీ కార్డు తయారుచేసి ఏ గదైనా తెరవొచ్చు, లాగ్‌లో అది వేరే కార్డు పేరున పడొచ్చు. కాబట్టి లాగ్‌ని చూసి హౌస్‌కీపింగ్ మనిషి మీద వేలు చూపించేయకండి.

కిటికీసీటు

ఇంత తతంగం దేనికండీ. లాబీలో నలుగురు ఉండగా గట్టిగా అడగండి, బుకింగ్ సైట్లో ఒక్క స్టార్ రివ్యూ ఇప్పుడే కొట్టండి. అర గంటలో దిగొస్తారు.

రాత్రిషిఫ్టు

కిటికీసీటు గారూ, దిగిరారండి, బిగుసుకుంటారు. ఎందుకో చెప్తాను.

డ్యూటీ మేనేజర్‌కి తప్పు ఒప్పుకునే అధికారం ఉండదు. హోటల్‌కి ఉండే బాధ్యతా బీమా షరతుల్లో, కంపెనీకి చెప్పకుండా బాధ్యత ఒప్పుకోవద్దనీ, పరిహారం ఇస్తామని మాటివ్వొద్దనీ సాధారణంగా ఉంటుంది. అందుకే "డబ్బు ఎప్పుడిస్తారు" అని అడిగిన క్షణం నుంచి ఆయన గోడలా నిలబడతాడు. అదే మనిషిని రికార్డు అడగండి, కాదనడానికి ఆయన దగ్గర కారణం ఉండదు. మొదటి రోజు డబ్బు మాటే ఎత్తకండి.

ఈమెయిల్ పంపండి, నోటిమాట వద్దు. జనరల్ మేనేజర్‌కీ, సెక్యూరిటీ హెడ్‌కీ, బుకింగ్ సైట్ ద్వారా తీసుకున్నదైతే ఆ సైట్ మెసేజ్ పెట్టెలోకీ ఒకే మాట వెళ్లాలి. పెద్ద బ్రాండ్ బోర్డు ఉన్నా ఆ భవనం యజమాని వేరేవాళ్లయి ఉండటం మామూలే. బ్రాండ్ కస్టమర్ కేర్ వాళ్లు చివరికి "ఆ హోటల్‌నే అడగండి" అంటారు, అయినా వాళ్లకు పంపితే కేసు నంబరు పుడుతుంది. యజమాని కంపెనీ పేరు మీ బిల్లు అడుగున ఉంటుంది, ఫిర్యాదులో ఆ పేరే రాయాలి.

మెయిల్ ఇలా ఉంటే చాలు:

"గది నంబరు ఫలానా. కింది వస్తువులు చివరిసారి చూసినది ఇన్ని గంటలకు. లేవని గమనించినది ఇన్ని గంటలకు. మీ డ్యూటీ మేనేజర్‌కి చెప్పినది ఇన్ని గంటలకు. ఈ మధ్య కాలానికి తలుపు తాళం లాగ్, లాకర్ లాగ్, ఆ అంతస్తు కారిడార్, లిఫ్టు, సిబ్బంది మెట్ల కెమెరాల ఫుటేజ్, మాస్టర్ కార్డుల రిజిస్టర్, హౌస్‌కీపింగ్ షీటు చెరిగిపోకుండా భద్రపరచండి. మీ అంతర్గత సంఘటన నివేదిక నంబరు తెలపండి. రాతపూర్వక నివేదిక ఇవ్వనని ఫలానా హోదాలో ఉన్నవారు ఇన్ని గంటలకు చెప్పారు. ఇది నిజం కాకపోతే బదులివ్వండి."

చివరి రెండు వాక్యాలు ముఖ్యం. బదులిస్తే అదే మీ కాగితం. ఇవ్వకపోతే వాళ్లు కాదనలేదని మీ దగ్గర ఆధారం.

ఫుటేజ్ గురించి మేనేజర్ చెప్పింది సగం నిజం. అందులో ఇతర గెస్టులు ఉంటారు కాబట్టి మీకు చూపించకపోవడం తప్పు కాదు. భద్రపరచనంటే మాత్రం తప్పు. రికార్డర్ నిండగానే పాతదాని మీద కొత్తది ఎక్కుతుంది. కొన్ని చోట్ల వారం, కొన్ని చోట్ల నెల. యూరప్‌లో అయితే జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 15వ అధికరణం కింద మీరు కనిపించే భాగం అడిగే హక్కు ఉంది, మామూలుగా నెలలోగా జవాబివ్వాలి. మిగతాది పోలీసులు తీసుకుంటారు.

ఇక ఆ సంతకం. కాగితంలో "పూర్తి, తుది పరిష్కారం" అన్న అర్థం ఎక్కడున్నా పెట్టకండి. ఒక రాత్రి అద్దెకి మొత్తం హక్కు వదులుకున్నట్టవుతుంది, ఇన్సూరెన్స్ వాళ్లు కూడా దాన్ని పట్టుకుని క్లెయిమ్ ఆపొచ్చు. అద్దె తగ్గిస్తే తీసుకోండి, బిల్లు మీద "అసౌకర్యానికి తగ్గింపు, పోయిన వస్తువులకు పరిహారం కాదు" అని రాయించుకుని.

రివ్యూ తర్వాత, ఇంటికెళ్లాక. సిబ్బంది పేర్లు లేకుండా, తేదీలూ జరిగినవీ మాత్రమే.

క్లెయిమ్‌ఫైలు

పోలీసుల దగ్గరికి ఈ రోజే వెళ్లండి, హోటల్ తేల్చేదాకా ఆగొద్దు. ప్రయాణ బీమా పాలసీల్లో 24 గంటల్లోగా పోలీసు రిపోర్టు అనే షరతు మామూలుగా కనిపిస్తుంది. హోటల్ వాళ్లు ఫోన్ చేస్తే పోలీసులు వచ్చి చూసి వెళ్లిపోతారు, కాగితం మీ చేతికి రాదు. స్టేషన్‌కి వెళ్లి స్టాంపూ నంబరూ ఉన్న ప్రతి తీసుకోండి.

రిపోర్టులో "పోయాయి" అని కాకుండా "దొంగిలించబడ్డాయి" అని ఉండేలా చూసుకోండి. కొన్ని పాలసీల్లో పోగొట్టుకున్న నగదుకు ఏమీ రాదు, దొంగతనానికి వస్తుంది. పరాయి భాషలో రాస్తే సంతకానికి ముందు ఫోన్లో అనువాదం చేసి చూడండి. ప్రతి వస్తువుకీ ఒక వరస ఉండాలి: పేరు, మోడల్, సీరియల్ నంబరు, కొన్న నెల, ధర. "ఎలక్ట్రానిక్ వస్తువులు" అని ఒక ముద్దగా రాస్తే క్లెయిమ్‌లో అది ఒకే వస్తువు, ఒకే పరిమితి.

మీ నగదుకీ టాబ్లెట్‌కీ వేర్వేరు గతి. నగదుకి పరిమితి తక్కువ, ఏటీఎం స్లిప్పో మారకం రసీదో లేకపోతే అసలుకే రాదు. లాకర్లో పెట్టడం మాత్రం మీకు కలిసొస్తుంది. టాబ్లెట్ బల్ల మీద ఉందన్నారు, తాళం వేసిన గదిలోదైనా "జాగ్రత్త తీసుకోలేదు" అనొచ్చు. కొన్ని పాలసీలు తలుపు బలవంతంగా తెరిచిన గుర్తు అడుగుతాయి, అక్కడే పైన చెప్పిన తాళం లాగ్ అక్కరకొస్తుంది. వాడిన వస్తువుకి తరుగు తీసేస్తారు కాబట్టి కొత్తదాని ధర ఆశించకండి. క్రెడిట్ కార్డు చార్జ్‌బ్యాక్, అంటే బ్యాంకు ద్వారా చెల్లింపు వెనక్కి రప్పించుకోవడం, దీనికి పనిచేయదు, అది కొన్న సేవకే గాని గదిలో పోయిన సొమ్ముకి కాదు.

చిన్నఅక్షరాలు

బోర్డు మాట మిగిలిపోయింది. అది దేశాన్ని బట్టి. ఇంగ్లండులో 1956 నాటి హోటల్ యజమానుల చట్టం ఉంది. దాని ప్రకారం బాధ్యత వస్తువుకి 50 పౌండ్లు, మొత్తం 100 పౌండ్లు దాటదు. కానీ ఆ రక్షణ కావాలంటే నోటీసు రిసెప్షన్ దగ్గర కనిపించేలా ఉండాలి. గదిలో మాత్రమే అంటిస్తే చెల్లదు. సిబ్బంది తప్పు వల్ల పోయినా పరిమితి వర్తించదు. జర్మనీలో రోజు అద్దెకి 100 రెట్లు, కనీసం 600, గరిష్ఠం 3,500 యూరోలు. నగదు, నగలకైతే గరిష్ఠం 800. అక్కడా హోటల్ మనుషుల తప్పు రుజువైతే పరిమితి లేదు. తెలిసిన వెంటనే హోటల్‌కి చెప్పకపోతే మాత్రం హక్కే పోతుంది. 1962లో పారిస్‌లో కుదిరిన యూరప్ ఒప్పందం, ముందే బాధ్యత తోసిపుచ్చే బోర్డులు చెల్లవనే అంటుంది.

అందుకని బోర్డుని ఫొటో తీయండి, అది ఎక్కడ అంటించి ఉందో తెలిసేలా. రిసెప్షన్ గోడ కూడా ఖాళీగా ఉంటే దాన్నీ తీయండి.

ఒక మెలిక ఉంది. రిసెప్షన్‌లో రసీదు తీసుకుని అప్పగించిన వస్తువుకి హోటల్ బాధ్యత ఎక్కువ. గది లాకర్లో పెట్టింది అప్పగించినట్టు కాదని వాళ్లు వాదిస్తారు.

సగంసూట్‌కేసు

స్టేషన్‌కి బయల్దేరుతున్నాం. టాబ్లెట్ని అకౌంట్ నుంచి తీసేయాలా? పాస్‌పోర్టు హోటల్ వాళ్లకే దొరుకుతుందేమోనని ఒక రోజు ఆగితే నష్టమా?

తాళాలపని

తీసేయకండి! లాస్ట్ మోడ్ పెట్టండి చాలు, అది దూరం నుంచే టాబ్లెట్‌ని లాక్ చేస్తుంది. అకౌంట్ నుంచి తొలగిస్తే, మీ పాస్‌వర్డ్ లేకుండా వేరొకరు వాడనివ్వని యాక్టివేషన్ లాక్ పోయి వాడికి అమ్ముకోవడం సులువవుతుంది. అందులో తెరిచి ఉన్న మెయిల్, బ్యాంకు లాగిన్‌లను వేరే ఫోన్ నుంచి సైన్ అవుట్ చేయండి. "మీ పరికరం దొరికింది, ఇక్కడ పాస్‌వర్డ్ ఇవ్వండి" అని మెసేజ్ వస్తే అది దొంగ పంపినదే. మ్యాపులో చుక్క కనిపిస్తే పోలీసులకు చూపించండి, మీరు వెళ్లకండి.

క్లెయిమ్‌ఫైలు

పాస్‌పోర్టు విషయం: ముందు గది గాలించండి, పరుపు కింద, లాకర్ వెనక సందులో, లాండ్రీకి వెళ్లిన దుప్పట్లలో. లేదంటే ఆగకండి. ఎంబసీకి పోలీసు రిపోర్టు ప్రతి, ఫొటోలు, పోయిన పాస్‌పోర్టు నకలు పట్టుకెళ్తే అత్యవసర ప్రయాణ పత్రం ఇస్తారు. కొన్ని దేశాల్లో దాని మీద ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి బయటికెళ్లే అనుమతి విడిగా తీసుకోవాలి, దానికే ఒకటి రెండు పనిదినాలు పోతాయి, టికెట్ తేదీ దాన్ని బట్టి మార్చుకోండి. ఒకసారి పోయిందని చెప్పాక ఆ పాస్‌పోర్టు రద్దవుతుంది, నంబరు ఇంటర్‌పోల్ జాబితాకి చేరుతుంది. రేపు హోటల్ వాళ్లు "దొరికిందండీ" అని నవ్వుతూ చేతిలో పెట్టినా దానితో విమానం ఎక్కే ప్రయత్నం చేయొద్దు, సరిహద్దులో ఆపేస్తారు. అది ఎక్కడ, ఎవరికి, ఎన్ని గంటలకు దొరికిందో రాయించుకుని ఎంబసీలో ఇచ్చేయండి.