జపమాల, మఠం, పునీతుల ఎముకలు: బౌద్ధం నుంచి కతోలిక సంప్రదాయానికి వచ్చినవేనా?

సూర్యాపేట పాఠకుడు (ప్రశ్న)

మొన్న ఆదివారం పూజ ముగిశాక అమ్మను వెంటబెట్టుకొని ఫణిగిరి గుట్ట ఎక్కాను. పునాదులుగా మిగిలిన భిక్షువుల గదులను, స్తూపాన్ని చూపిస్తూ అక్కడి కాపలా పెద్దాయన, “గిండ్ల సన్నాసులు ఉంటుండె, గా గుండ్రంగున్న దాంట్ల పెద్దోళ్ల బొక్కలు పెట్టి మొక్కుతుండె” అన్నాడు. జపమాల తిప్పుతున్న అమ్మ వేళ్లు ఆగిపోయాయి. “మన గుడిల పీఠం కింద పునీతుల బొక్కలు పెడ్తరు గదా, అట్లనేనా?” అని ఆమె అడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను.

ఇంటికి వచ్చి ఆలోచించిన కొద్దీ పోలికలు పెరుగుతూనే ఉన్నాయి: బ్రహ్మచర్యం పాటించే గురువులు, కన్యస్త్రీలు, మఠ నియమాలు, పూసల జపం, ధూపం, చేసిన దోషాన్ని మరొకరి ఎదుట ఒప్పుకోవడం. బుద్ధుడు ముందువాడు కనుక ఇవన్నీ ఇక్కడి నుంచే వెళ్లాయని కొందరు బల్లగుద్ది చెబుతున్నారు. అందుకు ఆధారాలు ఉన్నాయా?

నల్లగొండ, విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు

రాకపోకలకు దారి ఉన్న మాట నిజమే. అశోకుడు తన 13వ శిలాశాసనంలో సిరియా, ఈజిప్టులను ఏలిన గ్రీకు రాజులను పేరుపేరునా ప్రస్తావించి, అక్కడ కూడా ధర్మవిజయం సాధించానని చెప్పుకున్నాడు. క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియా క్రైస్తవ పండితుడు క్లెమెంట్, ‘బుత్తా’ బోధను పాటించే భారతీయులు ఉన్నారని రాశాడు. అంత దూరం ఎందుకు, మన జిల్లా అక్కన్‌పల్లిలోనే వెయ్యికి పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి.

అయితే నాణెం వచ్చిన దారిన మఠం కూడా వెళ్లిందని చెప్పడానికి నాణెం ఒక్కటే సాక్ష్యం కాజాలదు. క్రీ.శ. 320 ప్రాంతంలో ఈజిప్టులో పకోమియస్ నెలకొల్పిన తొలి సామూహిక మఠాలలో సన్యాసులు చాపలు, బుట్టలు అల్లి తమ తిండి తాము సంపాదించుకున్నారు. బౌద్ధ భిక్షువు భిక్షాపాత్రతో ఊళ్లోకి వెళ్లవలసిందే, నేల తవ్వడం కూడా అతనికి నిషిద్ధం. అరువు తెచ్చుకున్న వ్యవస్థే అయితే బతుకుదెరువు దగ్గరే ఇంత తేడా ఎందుకు వచ్చినట్టు?

పాపసంకీర్తనం సంగతీ ఇంతే. పౌర్ణమి, అమావాస్యలలో భిక్షువులంతా కూడి నియమాలు వల్లించే ఉపోసథానికి ముందు భిక్షువు తన తప్పును తోటి భిక్షువుకు చెప్పుకుంటాడు, కానీ అక్కడ క్షమించే దేవుడు లేడు; కతోలిక గురువు దేవుని పేరిట పాపవిమోచనం పలుకుతాడు.

మహబూబ్‌నగర్, కతోలిక విశ్వాసి

జపమాల విషయంలో నేను అంత గట్టిగా కాదనలేను. మన దేశంలో పుట్టిన మాల ముస్లింల జపమాల అయిన తస్బీగా మారి, జెరూసలేం కోసం ఐరోపా క్రైస్తవులు ముస్లింలతో చేసిన క్రూసేడ్ యుద్ధాల కాలంలో ఐరోపా చేరిందన్న వాదం పాతదే, కొట్టిపారేయదగినదీ కాదు. కానీ 4వ శతాబ్దిలోనే ఈజిప్టు సన్యాసి పాల్ రోజుకు 300 ప్రార్థనలు లెక్క తప్పకుండా చెప్పడానికి ఒడిలో 300 గులకరాళ్లు వేసుకొని, ప్రార్థనకొకటి చొప్పున పారేసేవాడు. మొదటి క్రూసేడు 1096లో కదలకముందే ఇంగ్లండులో గొడైవా అనే ప్రభువు భార్య, తాను ప్రార్థనలు లెక్కపెట్టుకున్న రత్నాల దండను మరియమాత విగ్రహానికి రాసిచ్చి పోయింది.

లెక్క తప్పుతుందన్న బెంగ ఏ మతంవారికైనా ఒకటే కదా. మా అమ్మమ్మ ఒక పూస పగిలితే చింతగింజకు బెజ్జం పెట్టి ఆ చోట గుచ్చుకుంది. బౌద్ధుల మాలలో 108 పూసలుంటాయి, మా దాంట్లో 59: మంగళవార్త జపానికి 53, పరలోక జపానికి 6.

సూర్యాపేట పాఠకుడు

అంటే ఇక్కడి నుంచి ఏదీ వెళ్లలేదంటారా? అమ్మ రోజూ అడుగుతోంది.

దేవరకొండ, అనువాదకుడు

ఒకటి మాత్రం నిస్సందేహంగా వెళ్లిందండీ, బుద్ధుడి కథే. కొడుకు సన్యాసి అవుతాడని జోస్యం విన్న రాజు అతన్ని మేడలో దాచడం, ఆ రాకుమారుడు బయటికి వచ్చి రోగిని, ముసలివాణ్ణి చూసి చలించిపోవడం మనకు తెలిసినదే. ఈ కథ పర్షియా, అరబ్బు ప్రాంతాల మీదుగా జార్జియాకు చేరి, అక్కడ క్రైస్తవ కథగా మారి, గ్రీకులోకి, 1048లో లాటిన్‌లోకి అనువాదమైంది. జ్ఞానోదయానికి ముందు బుద్ధుడికున్న ‘బోధిసత్వుడు’ అన్న పేరు అరబ్బీలో ‘బూదాసఫ్’ అయింది; ఆ లిపిలో పదం మొదట వచ్చే ‘బ’కు కింద ఒక చుక్క, ‘య’కు రెండు చుక్కలు కనుక, ఎవరో లేఖకుడి చేతిలో అది ‘యూదాసఫ్’ అయి, చివరికి లాటిన్‌లో ‘జోసఫాత్’గా స్థిరపడింది. పునీత జోసఫాత్ పేరు రోమన్ పునీతుల పట్టికలో నవంబరు 27న చేరింది. 19వ శతాబ్ది పండితులు రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూసేదాకా, తాము బుద్ధుణ్ణి పునీతుడిగా స్మరిస్తున్నామని అక్కడివారికి తట్టలేదు. ఇలా చుక్కతో సహా జాడ దొరికినప్పుడే నేను ప్రభావం అంటాను. ధూపం, గంట వంటివి ఎవరికి వారే మొదలుపెట్టగలిగినవి.

అమ్మగారి ప్రశ్నకు జవాబు ఇది: పీఠంలో ఎముకలు ఉంచే ఆచారం విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షుల సమాధుల దగ్గర జరిపిన పూజల నుంచి వచ్చింది, కొత్త గుడులకు అది తప్పనిసరి అని 787లో క్రైస్తవ పీఠాధిపతులు కూడిన రెండవ నీసియా మహాసభ శాసించింది. స్తూపానికీ దానికీ చుట్టరికం ఉన్నట్టు కనబడదు. కానీ జోసఫాత్‌వని నమ్మిన ఎముకలను 1571లో వెనిస్ పాలకుడు పోర్చుగల్ రాజు సెబాస్టియన్‌కు కానుకగా పంపాడని మాత్రం ఆమెకు తప్పక చెప్పండి.