కడప గోలీసోడా సీసా: నూరేళ్ల నాటిదని చెప్పవచ్చునా?

పెన్నాతీరం:
కడపలో పాత ఇనుప సామాన్ల అంగడిలో లేత ఆకుపచ్చ రంగు గోలీసోడా సీసా ఒకటి దొరికింది. ఊరి పేరు రెండు డీలున్న పాత ఇంగ్లీషు వర్ణక్రమంలో (Cuddapah) ఉబ్బెత్తు అక్షరాలతో ఉంది. వ్యాపారి పేరు అరిగిపోయి సగమే కనిపిస్తోంది. రెండు పక్కలా పైకి పోయే అచ్చు అతుకు గీత మూతి దాకా రాకుండా మెడ దగ్గరే ఆగిపోయింది. అలా ఆగితే మూతిని చేత్తో తీర్చినట్టనీ, కనుక 1910కి ముందుదనీ సేకర్తలు చెబుతారు. వర్ణక్రమం కూడా ఆ మాటనే బలపరుస్తోంది. అభ్యంతరం ఉన్నవారు చెప్పగలరు.

గుత్తికోట:
పెన్నాతీరం గారూ, మీ సాక్ష్యాలు రెండూ నిలవవు. అమెరికాలో మైకేల్ ఓవెన్స్ 1903లో సీసాలు ఊదే యంత్రం తెచ్చిన తరువాత, మామూలు సీసాల కోసం పుట్టిన కొలబద్ద ఆ అతుకు గీత. గోలీసోడా సంగతి వేరు. గోలీ మూతి కంటే పెద్దది కాబట్టి, ముందు దాన్ని లోపల వేసి, ఆ తరువాతే మూతిని వేడిచేసి, రబ్బరు వాషరు కూర్చునే గాడితో సహా తీర్చాలి. ఆ పనిలో అతుకు గీత చెరిగిపోవడం ఏ కాలంలోనైనా సహజమే. పైగా ఈ సీసాలు మన దేశంలో ఈ శతాబ్దంలోనూ తయారయ్యాయి. ఇక వర్ణక్రమం అంటారా, ప్రభుత్వం దాన్ని మార్చింది 2005లో. అంతవరకూ బస్సుల మీదా, కచేరీ బోర్డుల మీదా రెండు డీలే కదా!

కొండారెడ్డి బురుజు:
గుత్తికోట గారి మొదటి మాట ఒప్పుకుంటాను గానీ, అంతమాత్రాన సీసా కొత్తదని తేల్చడం తొందరపాటు. అరిగిన ఆ పేరులోనే అసలు ఆధారం ఉంది. మద్రాసులో అసైలం ప్రెస్ వారు అచ్చువేసిన పాత డైరెక్టరీలలో ఊరి వారీగా వ్యాపారుల పేర్లు ఉంటాయి. సగం పేరు దొరికినా వరుసగా కొన్ని సంవత్సరాల సంపుటాలు తిరగేస్తే అంగడి ఎప్పుడు నడిచిందో తెలిసే అవకాశముంది. అక్షరాల మీద పలుచని కాగితం పరచి మెత్తని పెన్సిలుతో రుద్దితే కంటికి కనిపించనివి కూడా తేలుతాయి. అడుగు భాగం చూశారా? అక్కడ అంకె ఉంటే అది సీసా పోసిన అచ్చు సంఖ్య కావచ్చు, దాన్ని సంవత్సరం అనుకోకండి. పేటెంటు అని ఉన్నా అంతే. గోలీసోడా సీసాను రూపొందించిన హైరం కాడ్ 1870లో పేటెంటు పొందాడు గానీ, ఆ ముద్ర ఆ ఏడాదే సీసా పోశారని చెప్పదు. (గోలీల కోసం పిల్లలు పగలగొట్టగా ఒక్కటి మిగలడమే గొప్ప, మా బడిలో నేనూ ఆ పాపం చేసినవాణ్నే.)

పెన్నాతీరం:
సీసాను రాత్రంతా వేడినీళ్లలో నానబెట్టి కుంచెతో రుద్దితే అడుగున ‘బార్న్స్‌లీ’ అనే అక్షరాలు తేలాయి. అంకె ఏదీ లేదు.

గుత్తికోట:
అలాగైతే నా అనుమానంలో సగం వదులుకుంటున్నాను. బార్న్స్‌లీ ఇంగ్లండులో యార్క్‌షైరు పట్టణం, గోలీసోడా సీసాలకు పెట్టింది పేరు. మన వ్యాపారులు ఊరి పేరు వేయించి అక్కడినుంచి ఓడలో తెప్పించుకునేవారు. అయితే ఇది తయారైన చోటును చెబుతుంది గానీ 1910కి ముందన్న మీ మాటను రుజువు చేయదు; ఆ దేశంలో ఇవి 1930ల దాకా సాగాయి.

కొండారెడ్డి బురుజు:
అందుకే డైరెక్టరీలు అంటున్నాను. పెన్సిలు ముద్ర తీసి ఇక్కడ పెట్టండి, పేరులో మొదటి అక్షరాలు దొరికినా చాలు.