తెలుగు కుర్రాడికి ఒడియాలో వ్యక్తిత్వ పరీక్ష: రిపోర్టు నమ్మొచ్చా?

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. తమ్ముడు టెన్త్ దాకా పక్కనే పాతపట్నంలో తెలుగు మీడియంలో చదివాడు. వాడికి ఒడియా బజారులో బేరానికి సరిపోయేంతే వచ్చు. కొన్నాళ్లుగా ముభావంగా ఉంటున్నాడని నాన్న ఒక సైకాలజిస్టుకి చూపించారు. సిరా మరకల కార్డులు పది చూపించి ఏం కనిపిస్తోందని అడిగారట. తర్వాత కొన్ని బొమ్మలకి కథలు చెప్పమన్నారట. అంతా ఒడియాలోనే.

'జవాబులు క్లుప్తం, ఊహ తక్కువ, భావాలు బయటపెట్టడు' అని రిపోర్టు వచ్చింది. అప్పట్నుంచి అమ్మకి ఒకటే టెన్షన్.

వయొలిన్ ముందు కూర్చున్న కుర్రాడి బొమ్మకి ఏం చెప్పావురా అని అడిగాను. "బెంగ పెట్టుకున్నాడని చెప్దామనుకున్నా అక్కా, ఆ మాట ఒడియాలో తట్టలేదు. కూర్చున్నాడు అనేశా" అన్నాడు. నాకు తెలుగులో పావుగంట చెప్పాడు, ఆ కుర్రాడి తాత చావుతో సహా!

ఆ బొమ్మల పరీక్ష 1935లో హార్వర్డ్‌లో మోర్గాన్, మర్రే తయారుచేసినదట. సిరా మరకలవి రోర్షాక్ 1921లో అచ్చువేసినవి. మరకకి 'గబ్బిలం' అంటే సరిపోతుందేమో గానీ, కథంటే భాష రావాలి కదా?

తెలిసినవాళ్లు చెప్పండి. ఇలాంటి రిపోర్టుకి ఎంత విలువ ఇవ్వాలి? శ్రీకాకుళమో విశాఖో తీసుకెళ్లి తెలుగులో మళ్లీ చేయిస్తే, ఒకసారి చూసేసిన బొమ్మలు కాబట్టి ఫలితం తేడా వస్తుందా? భాష సంగతి ఆ సైకాలజిస్టుకే చెబుదామంటే, తప్పు పట్టినట్టుంటుందని నాన్న వద్దంటున్నారు.