హైదరాబాద్ మొదటి రంజీ కప్పు సంగతి

ఉప్పల్‌లో మ్యాచ్ చూస్తుంటే పక్కన కూర్చున్న పెద్దాయన, మనవాళ్లు స్వాతంత్ర్యం రాకముందే రంజీ గెలిచారన్నారు. నిజమేనా? ఎవరి మీద?

జవాబు: నిజమే బ్రదర్. 1937-38 సీజన్. ఫైనల్లో ఎదురు జట్టు నవానగర్ (ఇప్పటి గుజరాత్‌లోని జామ్‌నగర్), అంతకుముందు ఏడాది ఛాంపియన్లు. మొదటి ఇన్నింగ్స్‌లో మనవాళ్లు 113కే ఆలౌట్, వాళ్లవి 152. తర్వాత వాళ్లు 270 కొట్టడంతో టార్గెట్ 310 అయింది, అయినా ఒక్క వికెట్ తేడాతో గెలిచాం. ఎడుల్జీ ఐబారా 137 నాటౌట్! అవతల వికెట్లు పడుతుంటే చివరిదాకా నిలబడ్డాడు.

జవాబు: కెప్టెన్ ఎస్.ఎం.హుస్సేన్ అండి. ఐబారా తర్వాత ఇక్కడే కోచ్‌గా చేశారు, ఆయన పేరు మన పిల్లలకు తెలియాలి. రెండో కప్పు 1986-87లో, ఢిల్లీ మీద.