అప్‌డేట్: మా ఊరి ప్యాసింజర్ యాప్‌లో కనపడని సమస్య తీరింది

పోయిన నెల అడిగినా కదా, యర్రగుంట్ల దగ్గర మా ఊరి స్టేషన్లో ఆగే ప్యాసింజర్ నంబర్ కొడితే యాప్‌లో ఏమీ రావట్లేదు, బండి రద్దయిందేమో, మాయమ్మ వారం వారం కడప ఆస్పత్రికి పోవాల అని. బదులిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

బండి రద్దు కాలేదు, నడుస్తానే ఉంది, నంబర్ మారింది అంతే. కరోనా టైమ్‌లో ప్యాసింజర్లకి సున్నాతో మొదలయ్యే స్పెషల్ నంబర్లు ఇచ్చినారు కదా, 2025 జనవరి 1 నుంచి అవి తీసేసి మళ్లీ 5, 6, 7తో మొదలయ్యే మామూలు నంబర్లు పెట్టినారు, నేనేమో పాత కాగితంలో రాసుకున్న సున్నా నంబరే కొడతా ఉన్నా. ఇక్కడ ఒకన్న చెప్పినట్టు నంబర్ వదిలేసి రెండు స్టేషన్ల పేర్లు పెట్టి వెతికితే వెంటనే వచ్చేసింది. స్టేషన్లో టికెట్లిచ్చే ఆయన్ని అడిగితే ఆయనా అదే మాట చెప్పినాడు. యాప్ తీసేసి మళ్లీ వేసుకోవడం, సిమ్ మార్చడం, వీటితో ఏం పని లేదు.

ఇంకొకటి, ఫోన్‌లో తీసుకునే పేపర్‌లెస్ జనరల్ టికెట్ బుక్ చేసిన ఫోన్‌లోనే చూపించాల, స్క్రీన్‌షాట్ పంపితే చెల్లదు. అందుకే మాయమ్మ ఫోన్‌లోనే యాప్ వేసి నేర్పించినా, మొన్న తనే తీసుకుని పోయొచ్చింది.