మద్యం మానినవారికి కంటి కదలికల చికిత్స ఉపకరిస్తుందా?

ప్రశ్న (గుంటూరు): మా అన్నయ్య మద్యం మాని నాలుగు నెలలైంది. అయితే మంగళగిరి దగ్గర కళ్లెదుటే జరిగిన లారీ ప్రమాదం గుర్తుకొచ్చిన రాత్రుల్లో మళ్లీ తాగాలనిపిస్తోందని చెబుతున్నారు. ఈఎండీఆర్ (కంటి కదలికల చికిత్స) చేయించవచ్చునా?

జవాబు (విజయవాడ): అమెరికా మనస్తత్వవేత్త ఫ్రాన్సిన్ షపీరో 1987లో ఆరంభించిన ఈ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది భయానక సంఘటన తర్వాత వెంటాడే మానసిక సమస్య అయిన పీటీఎస్‌డీకి, వ్యసనానికి కాదు. చికిత్సకుడు అటూ ఇటూ కదిలించే వేళ్లను కళ్లతో అనుసరిస్తూ ఆ దృశ్యాన్ని తలచుకోవాలి. జ్ఞాపకం చెరిగిపోదు, దాని తీవ్రత తగ్గించడమే ఉద్దేశం. ఇది హిప్నాటిజం కాదండీ. మా ఇంట్లోనూ మొదట అలాగే అనుకున్నారు.

మరో జవాబు: ఎనిమిది దశలున్న ఈ చికిత్సలో గతాన్ని కదిపేది నాలుగో దశలో, అంతకుముందు మనసును నిలదొక్కుకోవడం నేర్పుతారు కనుక తొందరపెట్టకండి. సెషన్ల మధ్య పీడకలలు పెరగవచ్చు, ఆ రోజుల్లో ఎవరైనా తోడుండాలి. మానసిక వైద్యుడు రాసిన మందులు ఆపకూడదు.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. ఆయన మాత్రల చీటీ కూడా వెంట తీసుకువెళతాం.