తలలో గడ్డ ఆపరేషన్ తరువాత ఆగని బరువు: మా అమ్మాయికి చికిత్స ఉందా?

ప్రశ్న (ఒక తల్లి, గాజువాక)

మా అమ్మాయికి పదకొండేళ్లు. పద్నాలుగు నెలల క్రితం క్రేనియోఫారింజియోమా (మెదడు అడుగున, పిట్యూటరీ గ్రంథి దగ్గర వచ్చే గడ్డ)ను ఆపరేషన్ చేసి తీశారు. అప్పుడు 34 కిలోలున్న పిల్ల ఇప్పుడు 61 కిలోలుంది. హైడ్రోకార్టిసోన్ (స్టెరాయిడ్ మాత్ర), థైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర), డెస్మోప్రెసిన్ (అతిమూత్రానికి) వాడుతున్నాము. అన్నం తిని లేచిన అరగంటకే ఆకలని ఏడుస్తుంది. వంటింటికి తాళం వేసినా, రోజూ బీచ్ రోడ్డులో నడిపించినా బరువు ఆగలేదు. ఒక చోట చూపిస్తే, "మీరే అదుపులో పెట్టలేకపోతున్నారు" అని పిల్ల ఎదుటే అన్నారు. ఇది మా పెంపకంలోని లోపమేనా? దీనికి వైద్యం ఉందా?

జవాబు 1 (ఎండోక్రైనాలజీ వైద్యుడు, ఎంవీపీ కాలనీ)

అమ్మా, మీ పెంపకంలో లోపం లేదు. కొవ్వు నిల్వ ఎంత ఉందో తెలిపే లెప్టిన్ అనే హార్మోను సంకేతాన్ని అందుకొని ఆకలిని అణిచేది మెదడు అడుగునున్న హైపోథాలమస్ అనే భాగం. గడ్డ వల్లగాని, దాన్ని తీసేటప్పుడుగాని ఆ భాగం దెబ్బతింటే, ఒంట్లో ఎంత కొవ్వున్నా మెదడు పస్తులున్నట్టే తలచి ఆకలిని పెంచుతుంది, ఒళ్లు ఖర్చు చేసే శక్తిని తగ్గిస్తుంది, మెదడు నుంచి కడుపులోని అవయవాలకు వెళ్లే వేగస్ నాడి ద్వారా, కొవ్వును నిల్వచేయించే ఇన్సులిన్‌ను అధికంగా విడుదల చేయిస్తుంది. అందువల్ల తక్కువ తిన్నా బరువు పెరుగుతుంది. ఈ గడ్డ వచ్చినవారిలో దాదాపు సగం మందికి ఊబకాయం వస్తుంది. హైపోథాలమస్ దెబ్బతింటే ఒళ్లు పెరుగుతుందని 1940లోనే హెదరింగ్టన్, రాన్సన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలలో చూపిన సంగతికి ఈనాడు ఒక తల్లిని నిందించడం నాకు చాలా బాధ కలిగించింది.

ముందు హైడ్రోకార్టిసోన్ మోతాదు సరిచూపించండి. పిల్లలకు సాధారణంగా ఒంటి ఉపరితల వైశాల్యం చదరపు మీటరుకు రోజుకు 8 నుంచి 10 మిల్లీగ్రాములు సరిపోతుంది. అంతకు మించితే అదే బరువు పెంచుతుంది. అయితే సొంతంగా తగ్గించినా, మానినా ప్రాణాపాయం. గురక, పగటి నిద్ర ఉంటే నిద్ర పరీక్ష కూడా అవసరం.

మందుల విషయానికొస్తే, ఆకలి తగ్గించే సెమాగ్లూటైడ్ వంటి ఇంజెక్షన్లు కొందరికి మేలు చేశాయి, కొందరికి చేయలేదు. నాకు ఎక్కువ ఆశ కలిగించినది సెట్మెలనోటైడ్. దెబ్బతిన్న చోటును దాటి, దాని తరువాత ఆకలిని అణిచే మెలనోకార్టిన్-4 గ్రాహకాన్ని (సంకేతాన్ని అందుకునే అణువును) అది నేరుగా ప్రేరేపిస్తుంది. 120 మందిపై 52 వారాలు జరిగి, 2025లో ఫలితాలు వెలువడిన పరీక్షలో, మందు తీసుకున్నవారి బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు సూచిక) సగటున 16.5 శాతం తగ్గగా, మందు లేని ఉత్తి సూది వేసినవారిలో 3.3 శాతం పెరిగింది. వికారం, చర్మం నల్లబడడం దాని దుష్ప్రభావాలు. స్కాన్లు, ఆపరేషన్ కాగితాలు తీసుకొని విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఎండోక్రైనాలజీ (హార్మోన్ల వైద్యం) విభాగంలో చూపించండి.

జవాబు 2 (ఒక తండ్రి, సీతమ్మధార)

అమ్మా, మా అబ్బాయికీ ఇదే జరిగింది. మేమూ తాళం వేశాము. అయితే అది వాడికి శిక్షగా అనిపించకుండా, ఇంట్లో అందరమూ ఒకే వేళకు, ఒకే కొలతతో తినడం మొదలుపెట్టాము. తిండి కనబడకపోతే వాడి ఆరాటం కొంత తగ్గింది. నీళ్లకు, మూత్రానికి ఎప్పుడడిగినా పంపమని బడికి డాక్టరు గారి ఉత్తరం ఇప్పించండి.

ప్రశ్న వేసిన తల్లి

డాక్టరు గారూ, అన్నయ్యగారూ, కృతజ్ఞతలు. జ్వరమప్పుడు రెట్టింపు చేసిన స్టెరాయిడ్ మాత్రను తరువాత తగ్గించాలని మాకెవరూ చెప్పలేదు. నేటికీ అదే మోతాదు వేస్తున్నాము. సోమవారం కాగితాలన్నీ తీసుకొని, ముందు ఆ సంగతే అడుగుతాను.